చినుకు అక్కడ, హోరు ఇక్కడ

ఉప్పల్‌ది రాతి నేల. హబ్సిగూడ దాటి వస్తుంటే జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ప్రహరీ లోపలా, నాచారం ఫ్యాక్టరీల వెనక మిగిలిన గుట్టల మీదా కనిపించే గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ అరిగి అరిగి గుండ్రబడిన రాయి అది. దాని మీద పడ్డ నీరు దూకదు, జారిపోతుంది. అందుకే ఈ వైపు పుట్టి పెరిగినవాళ్లు మొదట చూసే జలపాతం చెరువు మత్తడే. ఉప్పల్ నల్లచెరువు గానీ నాచారం పెద్దచెరువు గానీ నిండితే, ఆ మిగులు నీరు మూసీలో పడి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

అసలైన జలపాతం చూడాలంటే ఉప్పల్ రింగురోడ్డులో నిలబడి తూర్పుకు తిరగాలి. అక్కడ మొదలయ్యే వరంగల్ దారి జాతీయ రహదారి 163. శ్రావణమాసపు ఆదివారం తెల్లవారుజామున భుజాన సంచులతో హన్మకొండ బస్సుల కోసం ఎదురుచూసే కుర్రకారులో సగం మంది వెళ్లేది ఆ దారి చివరి దాకా. ఘట్‌కేసర్ దాటాక ఊరు పలచబడుతుంది. ఒకే బండరాయిగా లేచి నిలిచిన భువనగిరి కోట, జనగామ చెలకలు, హన్మకొండ, ములుగు గట్టమ్మ గుడి ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోతాయి. గట్టమ్మకు మొక్కకుండా ముందుకు పోయేవాళ్లు తక్కువ. ఈ ప్రయాణంలో బోర్డు లేని మలుపు ఒకటుంది. ఎక్కడో ఒకచోట నేల వాలు మారుతుంది. అక్కడి నుంచి పడ్డ ప్రతి చినుకూ కృష్ణను విడిచి గోదావరి దారి పడుతుంది.

పస్రా దాటితే అడవి. అభయారణ్యంగా ప్రకటించిన ఏటూరునాగారం అడవి అది. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి చెట్లు దారికి రెండు పక్కలా గుంపు కట్టి నిలబడతాయి. వాన వెలిసిన గంటలో ఆ అడవి వాసన ఒకలా ఉంటుంది, ముసురులో ఇంకోలా ఉంటుంది. ఆ తేడా తెలియాలంటే బస్సు కిటికీ తెరిచి కూర్చోవాలి. 2024 ఆగస్టు 31న ఇక్కడే, తాడ్వాయి మేడారం మధ్య, ఒక్క సాయంత్రపు సుడిగాలికి దాదాపు 50 వేల చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. ఆ ఏడాదే డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ఇదే నేల కంపించింది. తీవ్రత 5.3. హైదరాబాద్‌లో మంచాలు కదిలాయి. ఉప్పల్ రోడ్డులోని ఆ పరిశోధనా సంస్థ పరికరాలు అడవి అడుగున జరిగిన కదలికను గీతలుగా గీశాయి. గోదావరి లోయ కోట్ల ఏళ్ల కిందట భూమి చీలి కుంగిన చోటు. ఆ చీలిక ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. గోదావరికి ఆవలి గట్టున జలపాతాలు వరుసకట్టడానికి మూలం ఆ పాత చీలికా, దాని అంచున మిగిలిన ఇసుకరాతి పొరలూ. మన గ్రానైటు అరిగి నున్నబడితే, అక్కడి ఇసుకరాయి పలకలు పలకలుగా తెగి నిట్టనిలువు గోడలు మిగులుస్తుంది.

ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు మండలంలోకి వెళ్తే చీకుపల్లి. అక్కడిదే బొగత. ఎత్తులో బొగత గొప్పది కాదు, దాని గొప్పతనమంతా వెడల్పులో ఉంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల్లో పుట్టిన వాగు ఒక్కసారిగా నేల కోల్పోయి, బండల అంచు పొడవునా పొయ్యి మీద పొంగిన గంజిలా పొర్లి కిందపడుతుంది. హోరు ముందు చెవికి కాదు, అరికాళ్లకు తెలుస్తుంది. తుంపర మొహాన పడ్డాక కాసేపు ఎవరూ మాట్లాడరు. అటవీశాఖ కట్టిన మెట్లూ కంచే ఉన్నాయి. ఉధృతి ఎక్కువైన రోజుల్లో గేటు మూసేస్తారు. అంత దూరం వచ్చి మూసిన గేటు ముందు నిలబడటం బాధే. కానీ ఆ గేటు వేసినవాళ్లు వాగును ఏడాది పొడవునా చూసేవాళ్లు, మనం ఒక్కరోజు చూసేవాళ్లం.

జలపాతం దగ్గర ప్రమాదం ఎట్లా పుడుతుందో ముందే తెలిసి ఉంటే చూసే ఆనందం తగ్గదు, ఇంకా పెరుగుతుందని నా నమ్మకం. మన నెత్తిన మొగులు లేకపోవచ్చు. ఎండ కాస్తూ ఉండవచ్చు. మన ముందు దూకుతున్న నీరు మాత్రం మన ఆకాశం నుంచి పడ్డది కాదు. ఎన్నో మైళ్ల అవతల గుట్టల్లో గంటల కిందట కురిసిన వాన అది. అక్కడ కుండపోత కురిస్తే ఇక్కడికి కబురు తెచ్చేది ఆ నీళ్లే. తేటగా ఉన్న నీటిలో ఎర్రమట్టి చాయ కనబడినా, ఆకులూ పుల్లలూ గుత్తులు గుత్తులుగా కొట్టుకొచ్చినా, హోరు స్థాయి మారినా, ఒడ్డున ఇందాక పొడిగా ఉన్న రాయి తడిసినా, ఫోటో సంగతి వదిలేసి గట్టెక్కాలి. ఆలోచించుకునే వ్యవధి నిమిషాల్లోనే ఉంటుంది.

నీటి బలాన్ని లోతుతో కొలిచే అలవాటు మనది. ‘మోకాలి లోతే కదా’ అంటాం. లోతు కంటే వేగం ప్రమాదం. ప్రవాహ వేగం రెండింతలైతే అది కాళ్లను తోసే బలం నాలుగింతలవుతుంది. పైగా అడుగున బండలు పాచిపట్టి ఉంటాయి. జలపాతం కిందనున్న మడుగు సంగతి వేరు. నురగలో సగం గాలే కాబట్టి అది మనిషిని తేల్చలేదు. ఈత బాగా వచ్చినవాడు కూడా అందులో మునిగిపోతాడు. పడే ధార మనిషిని అడుగుకు నొక్కి, తిప్పి మళ్లీ తన కిందికే లాక్కుంటుంది. బండ మీది నుంచి దూకే పిల్లలకు ఈతమీద ఉన్న నమ్మకం ఆ సుడికి తెలియదు. ధార వెనక గోడకు ఆనుకుని నిలబడటమూ మంచిది కాదు. నీళ్లు తొలిచిన ఇసుకరాయి పలక ఎప్పుడు ఊడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ ప్రాంతపు వాన లెక్కలు చూస్తే వాగులంటే భయం కాదు, గౌరవం కలుగుతుంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన 800 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. 2013 జులై 19న వాజేడులో ఒక్కరోజులో 517.5 మిల్లీమీటర్లు కురిసింది. ఆ రికార్డు పదేళ్లు నిలిచింది. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో అదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడి పాత లెక్కను చెరిపేసింది. ఉప్పల్‌లో ఏడాదిలో పడే వానలో సుమారు ఐదింట నాలుగు వంతులు ఒక పగలూ ఒక రాత్రిలోనే కురిసిందన్నమాట. జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామంలో ప్రాణాలు తీసింది.

సరిగ్గా ఆ ముసురులోనే, జులై 26న, వెంకటాపురం మండలం వీరభద్రవరం నుంచి అడవిలోకి నడిచి ముత్యాలధార చూడ్డానికి సుమారు 80 మంది వెళ్లారు. గద్దలసరి అని కూడా పిలిచే ఆ జలపాతం ఎత్తు 700 అడుగులని చెబుతారు. మెడ వెనక్కి వాల్చినా మొదలు కనబడదు. పొద్దున దాటి వెళ్లిన వాగు సాయంత్రం తిరిగి వచ్చేసరికి దారి ఇవ్వలేదు. చీకటి, వాన, అడవి. కబురు అందాక జాతీయ విపత్తు స్పందన దళం, పోలీసులు వెళ్లి అర్ధరాత్రి దాటాక వాళ్లను ఇవతలి గట్టుకు చేర్చారు. అంతమంది ప్రాణాలతో బయటపడ్డారంటే, వాగుకు ఎదురెళ్లకుండా ఆగినందుకే. కొండవాగు ఎంత తొందరగా పొంగుతుందో, పైన వాన ఆగితే అంత తొందరగా దిగుతుంది. ఎత్తయిన చోట, వాగుకు దూరంగా, రాత్రంతా తడుస్తూ కూర్చోవలసి వచ్చినా కూర్చోవాలి. తాడు కట్టుకుని, చేతులు పట్టుకుని దాటడం మాత్రం వద్దు.

ఊరివాళ్ల మాట వినడం అన్నింటికంటే ముఖ్యం. ఈ అడవుల్లో కోయ గూడేలవాళ్లకు ఏ ఒర్రె ఎప్పుడు దాటవచ్చో, ఏ దారి మూసుకుపోయిందో తెలుసు. ‘ఇయ్యాల పోవద్దన్నా’ అని ఒక పెద్దాయన అంటే బేరమాడకుండా వెనుదిరగాలి. తెలియని దారులు పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాజేడు మండలం కొంగాల అడవిలో 2024 జూన్‌లో కట్టెలకు పోయిన ఒకతను మందుపాతర పేలి చనిపోయాడు. పోలీసులూ అటవీశాఖా వద్దన్న జలపాతాల వీడియోలు ఎంత అందంగా ఉన్నా అటు వెళ్లకండి. తోడుగా వచ్చిన ఊరి మనిషికి అడిగినంత ఇవ్వండి. అతనికి అది ఆ రోజు కూలి.

ఉప్పల్‌లో బస్సెక్కే ముందు హైదరాబాద్ ఆకాశం చూసి లాభం లేదు. వాతావరణ శాఖ సూచనల్లో ములుగుతో పాటు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా కూడా చూడండి. బొగతకు నీళ్లొచ్చేది ఆ వైపు నుంచే. రెండింటిలో దేనికైనా ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఉంటే మరో వారం ఆగండి. లోపలికి పోయాక ఫోను సిగ్నల్ ఉండదు కాబట్టి, ఏ జలపాతానికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి రోడ్డెక్కుతారో ఇంట్లో ఒకరికి, ఊళ్లో ఒకరికి చెప్పి కదలండి. మధ్యాహ్నం రెండు దాటాక అడవిలోకి అడుగు పెట్టకపోవడం మేలు. ఆపదలో 112కు ఫోను చేయవచ్చు. నన్నడిగితే సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా వెళ్లమంటాను. అప్పటికి ముసురు వెళ్లిపోయి, నీళ్లు తేటబడి, ధార వెనకనున్న రాతి పొరలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడతాయి.