కిడ్నీ నొప్పి చెప్పదు.. ఒంట్లో వడపోత ఎలా జరుగుతుంది? ఎక్కడ దెబ్బతింటుంది?

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే కడప జిల్లా లింగాల మండలంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చీనీ కాయలు కోసేవాళ్లు, అరటి గెలలు మోసేవాళ్లు పొద్దున తాగిన నీళ్లు పది గంటలకల్లా చెమటగా పోతాయి. మధ్యాహ్నం మూత్రానికి వెళితే కొంచెమే వస్తుంది. అదీ ముదురు పసుపు రంగులో, మంటగా. 'వేడి చేసింది' అనుకుని ఓ చెంబు మజ్జిగ తాగి, సాయంత్రానికి ఆ సంగతే మర్చిపోతారు.

ఒకరోజు అలా అయితే పెద్ద ఇబ్బంది లేదు. ప్రతి ఎండాకాలం, ఏళ్ల తరబడి అదే జరిగితే మాత్రం భారం కిడ్నీల మీద పడుతుంది. చిక్కేమిటంటే, పంటి నొప్పి, కడుపు నొప్పి లాగా కిడ్నీ ముందుగా చెప్పదు. అందుకే అది ఎలా పనిచేస్తుందో, ఏ పరీక్షతో దాని సంగతి తెలుస్తుందో అందరికీ తెలిసి ఉండటం మంచిది.

ఎక్కడుంటాయి, ఎంతుంటాయి?

తెలుగులో మూత్రపిండాలు, ఉర్దూలో గుర్దే. నడుముకు కొంచెం పైన, వెన్నెముకకు అటూ ఇటూ ఒక్కొక్కటి ఉంటుంది. చిక్కుడు గింజ ఆకారం, పిడికిలంత సైజు, బరువు సుమారు 150 గ్రాములు. కుడివైపు పైన కాలేయం ఉండటంతో ఆ వైపు కిడ్నీ కొద్దిగా కిందికి ఉంటుంది.

ఒంటి బరువులో రెండూ కలిపి అర శాతం కూడా ఉండవు. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వీటికే వెళ్తుంది. నిమిషానికి లీటరుకు పైగా రక్తం వీటి గుండా పారుతూనే ఉంటుంది.

180 లీటర్ల లెక్క

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. కంటికి కనిపించనంత చిన్న ఫిల్టర్లు ఇవి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల ఉండ ఒకటి ఉంటుంది. రక్తం అక్కడికి రాగానే నీళ్లు, ఉప్పు, చక్కెర, యూరియా లాంటివి బయటికి వడకడతాయి. రక్త కణాలు, ప్రోటీన్లు పెద్దవి కాబట్టి లోపలే నిలిచిపోతాయి.

ఇలా రోజుకు వడకట్టే ద్రవం సుమారు 180 లీటర్లు. ఇళ్లకు వేసే 20 లీటర్ల వాటర్ క్యాన్లు తొమ్మిది! అదంతా బయటికే పోతే మనిషి గంటల్లో ఎండిపోతాడు. అందుకే ఉండ తర్వాత ఉండే పొడవాటి గొట్టం ఒంటికి కావాల్సినవన్నీ వెనక్కి తీసుకుంటుంది. చక్కెర దాదాపు మొత్తం, నీళ్లలో 99 శాతం రక్తంలోకి తిరిగి జమ అవుతాయి. యూరియా, క్రియాటినిన్, ఎక్కువైన ఉప్పు మిగిలిన నీళ్లతో కలిసి ఖర్చు కింద పోతాయి. 180 లీటర్లలో మూత్రంగా బయటికి వచ్చేది ఒకటిన్నర, రెండు లీటర్లే.

ఎండలో నీళ్లు తగ్గితే మెదడు నుంచి ఒక హార్మోన్ విడుదలవుతుంది. 'నీళ్లు బయటికి వదలొద్దు' అని కిడ్నీకి అది ఇచ్చే కబురు. అప్పుడు మూత్రం తగ్గి, చిక్కబడి, రంగు ముదురుతుంది. లింగాల తోటల్లో మధ్యాహ్నం కనిపించే ముదురు పసుపు అదే.

మూత్రం పోయడంతోనే కిడ్నీ పని అయిపోదు. బీపీని అదుపులో ఉంచేదీ, రక్త కణాలు తయారు కావడానికి ఎముకల మజ్జకు హార్మోన్ పంపేదీ, ఎముకలకు అవసరమైన డి విటమిన్‌ను వాడుకునే రూపంలోకి మార్చేదీ కిడ్నీయే. కిడ్నీ పాడైనవాళ్లకు రక్తం తగ్గిపోవడం, బీపీ పెరగడం అందుకే.

పైపు, రిజర్వాయర్, గేటు

ప్రతి కిడ్నీ నుంచి 25 నుంచి 30 సెంటీమీటర్ల సన్నని మూత్రనాళం కిందికి దిగుతుంది. దాని గోడలు అలల్లా ముడుచుకుంటూ మూత్రాన్ని కొద్దికొద్దిగా నెడతాయి. మనిషి పడుకున్నా ఆ పని ఆగదు.

ఆ మూత్రం చేరేది మూత్రాశయానికి. ఉర్దూలో మసానా. పార్నపల్లె దగ్గరి చిత్రావతి రిజర్వాయర్‌లో నీళ్లు నిలిపి, గేటు ఎత్తి కాలువకు వదులుతారు కదా, ఇదీ అలాంటిదే. పెద్దవాళ్లలో 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. సగం నిండేసరికే వెళ్లాలనిపిస్తుంది. కింద రెండు కండరాల గేట్లు ఉంటాయి. ఒకటి మన ప్రమేయం లేకుండా పనిచేస్తుంది, రెండోది మన అదుపులో ఉంటుంది. చంటిపిల్లలకు ఆ అదుపు ఇంకా రాదు కాబట్టే పక్క తడుపుతారు.

చివరి దారి ప్రసేకం. మగవాళ్లలో సుమారు 20 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 4 సెంటీమీటర్లే. ఆడవాళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా రావడానికి ఈ తేడా పెద్ద కారణం. బయటి క్రిములు తొందరగా మూత్రాశయానికి చేరతాయి. పైగా చేలకు కూలికి వెళ్లే ఆడవాళ్లు మరుగు లేదని నీళ్లే తాగరు, వచ్చినా ఆపుకుంటారు. నిలవున్న మూత్రంలో క్రిములు పెరుగుతాయి. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, చలిజ్వరం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. గర్భిణులైతే అసలు నిర్లక్ష్యం పనికిరాదు.

మగవాళ్లకు యాభై, అరవై దాటాక వేరే సమస్య. ప్రసేకం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారిని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తుంది. వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా చూపించుకుంటే మందులున్నాయి.

రాళ్ల సంగతి

ఉర్దూలో పథ్రీ అనే ఈ రాళ్లు ఎండ ప్రాంతాల్లో ఎక్కువ. మూత్రం చిక్కబడినప్పుడు అందులోని కాల్షియం, ఆక్సలేట్ కలిసి గట్టిపడతాయి. రాయి కిడ్నీలో ఉన్నంతకాలం తెలియకపోవచ్చు. మూత్రనాళంలోకి జారిందంటే మాత్రం నడుము నుంచి గజ్జల దాకా మెలిపెట్టే నొప్పి. 4, 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పోతాయి.

బీరు తాగితే రాళ్లు పోతాయన్నది తప్పు మాట. మద్యం ఒంట్లో నీళ్లనే తగ్గిస్తుంది. కాల్షియం రాయి అని పాలు, పెరుగు మానేయడం కూడా సరికాదు. అవసరమైంది నీళ్లు. నిమ్మలో, లింగాలలోనే పండే చీనీలో ఉండే సిట్రేట్ రాళ్లు కట్టకుండా కొంత అడ్డుపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం చీనీ రసం కంటే చక్కెర లేని నిమ్మ నీళ్లు తాగడం మేలు.

డ్రిప్ ఫిల్టర్‌ను కడగొచ్చు, దీన్ని కడగలేం

డ్రిప్ వేసిన రైతుకు ఫిల్టర్ సంగతి బాగా తెలుసు. అది పూడుకుంటే నీళ్లు సాగవు. విప్పి కడిగితే మళ్లీ పనిచేస్తుంది. కిడ్నీలో ఒకసారి చచ్చిపోయిన నెఫ్రాన్ మళ్లీ పుట్టదు. మిగిలినవే ఆ పని కూడా నెత్తిన వేసుకుంటాయి. ఒక కిడ్నీ దానం చేసినవాళ్లు మామూలుగా బతకగలిగేది అందువల్లే. సగం పాడైనా మనిషికి తెలియకపోవడానికీ అదే కారణం. కాళ్ల వాపు, ఆయాసం, వాంతులు మొదలయ్యేసరికి చాలాభాగం పోయి ఉంటుంది.

దీనికి పెద్ద కారణాలు రెండు: షుగర్, బీపీ. ఆ తర్వాత, డాక్టరు చెప్పకుండా షాపులో కొనుక్కుని రోజూ మింగే నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఎండలో ఒళ్లు ఎండినప్పుడు వేసుకుంటే కిడ్నీకి వెళ్లే రక్తం ఇంకా తగ్గుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు కిడ్నీ జబ్బుతో చితికిపోయాయి. అక్కడ చాలామందికి షుగర్, బీపీ లేకుండానే జబ్బు వచ్చింది. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో ఒళ్లు వంచి పని, సరిపడా నీళ్లు లేకపోవడం అక్కడ ప్రధానంగా అనుమానిస్తున్న కారణాలు. లింగాల లాంటి ఎండ ఊళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది.

రెండు చిన్న పరీక్షలు

కిడ్నీ తానుగా చెప్పదు కాబట్టి మనమే అడగాలి. మొదటిది మూత్రంలో అల్బుమిన్ పరీక్ష. లోపలే ఉండాల్సిన ప్రోటీన్ బయటికి వస్తోందంటే జల్లెడకు చిల్లు పడ్డట్టే. రెండోది రక్తంలో క్రియాటినిన్. పెద్దవాళ్లలో ఇది సాధారణంగా 0.6 నుంచి 1.2 మధ్య ఉంటుంది. కండరాల్లో పుట్టే వ్యర్థం ఇది. కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పేరుకుంటుంది.

దీని వెనక మన తెలుగువాడి పేరు కూడా ఉంది. కండరాల్లో శక్తిని నిలవుంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అది, క్రియాటిన్ విచ్ఛిన్నమైతే వచ్చేదే ఈ క్రియాటినిన్.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికి ఒకసారైనా ఈ రెండూ చేయించుకోవాలి. ఖర్చు తక్కువ. దాటిపోయాక వచ్చే డయాలసిస్ అయితే వారానికి రెండు, మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. ఉచితంగా చేసే చోటు దొరికినా ఆ రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది.

ఇంట్లో పాటించాల్సినవి

* ఎండలో పనిచేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా గంటకోసారి నీళ్లు తాగాలి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టు.
* ఊరగాయ, అప్పడాలు, ప్యాకెట్ చిరుతిళ్లలో ఉప్పు ఎక్కువ. తగ్గించాలి.
* రోజాల్లో ఇఫ్తార్ నుంచి సహరీ వరకు నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే రోజా గురించి నిర్ణయించుకోవాలి.
* గుండె, కిడ్నీ ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలత మేరకే నీళ్లు తాగాలి.
* మూత్రంలో రక్తం, నురగ, పొద్దున లేవగానే ముఖం ఉబ్బు కనిపిస్తే ఆగకుండా చూపించుకోవాలి.

తోటకు వెళ్లేటప్పుడు అన్నం క్యారియర్ మర్చిపోరు. పక్కనే నీళ్ల క్యాన్ కూడా పెట్టుకుంటే, లోపల ఉన్న 20 లక్షల ఫిల్టర్లకు ఆ రోజు పని తేలికవుతుంది.