అంచు లేని రంగు

ఈసారి చేపల బజారుకు వెళ్లినప్పుడు, బొచ్చెనో రోహునో కోయడానికి ఇచ్చేముందు ఒక్క నిమిషం పక్కకు తిప్పి చూడండి. వీపు నల్లగా, పక్కలు వెండిలా, కడుపు తెల్లగా ఉంటాయి. నలుపు ఎక్కడ ఆగింది, వెండి ఎక్కడ మొదలైంది? వేలు పెట్టి చూపించడం ఎవరి తరమూ కాదు. కుంచెతో ఈ ఒంటిని దించబోతే చిక్కు ఇక్కడే వస్తుంది. కుంచె ఆగిన చోటల్లా అంచు పడుతుంది. అంచు పడకుండా రంగు వేసే పనిముట్టు పేరు ఎయిర్‌బ్రష్.

దాని పుట్టుక ఫొటోల దగ్గర మొదలైంది. చెంప మీది నీడలాంటి మెత్తని రంగును ఫొటో మీద చేత్తో అద్దడం కష్టం. 1876లో అమెరికాకు చెందిన ఫ్రాన్సిస్ ఎడ్గర్ స్టాన్లీ రంగును తుంపరగా చల్లే సాధనానికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఆవిరి కార్లతో పేరు తెచ్చుకున్న స్టాన్లీ సోదరుల్లో ఒకడు ఇతనే. 1879లో అయోవా రాష్ట్రంలో ఆబ్నర్ పీలర్, నగల పనివాళ్ల దగ్గర దొరికే పాత సామాను కూర్చి నీటిరంగుల కోసం ఒక యంత్రం కట్టాడు. అందులో సూది ముందుకూ వెనక్కూ ఊగుతూ రంగును ఇంతింతగా మోసుకొస్తుంటే, గాలి దాన్ని కాగితం మీదికి ఊదేది. లిబర్టీ వాకప్ దానికి మెరుగులు దిద్ది, ఇలినాయి రాష్ట్రం రాక్‌ఫర్డ్ నుంచి అమ్మకానికి తెచ్చాడు. 1893లో చార్లెస్ బర్డిక్ చేసిన నమూనా షికాగో ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చింది. ఇవాళ మన చేతికొచ్చే ఎయిర్‌బ్రష్ దాదాపు దాని పోలికే.

పెన్నులా పట్టుకునే ఈ గొట్టంలో కీలకం ఒక సన్నని సూది. దాని మొన నాజిల్ రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. మీటను కిందికి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే సూది జరిగి రంగుకు దారి ఇస్తుంది. వేగంగా పోయే గాలి నాజిల్ మూతి దగ్గర ఒత్తిడిని తగ్గిస్తుంది. ఆ తగ్గుదలే రంగును బయటికి గుంజి, కంటికి విడిగా ఆనని తుంపరలుగా చిదుపుతుంది. తుంపర మధ్యలో చిక్కగా, చుట్టూ పలచగా పడుతుంది కాబట్టే అంచు ఉండదు.

చేపలకు వేసే కృత్రిమ ఎరకు సరిగ్గా ఇదే కావాలి. 1896లో అమెరికన్ చిత్రకారుడు ఆబట్ థేయర్ ఒక సంగతి వివరించాడు: ఎండ పైనుంచి పడి వీపును వెలిగిస్తుంది, కడుపును నీడలో ముంచుతుంది. నల్లని వీపు, తెల్లని కడుపు ఆ వెలుగునీడలను సరిచేసి జంతువును కంటికి ఆనకుండా చేస్తాయి. చిన్నచేపల ఒంటిమీది రంగులు ఈ లెక్కలోనివే. ఎర నీళ్లలో ఒరిగినప్పుడల్లా తెల్లని కడుపు తళుక్కుమని, దెబ్బతిన్న చేపను తలపిస్తుంది.

ఎయిర్‌బ్రష్ లేకుండా ఎరలు చేసినవాళ్లూ ఉన్నారు. 1936లో ఫిన్లాండ్ జాలరి లౌరి రపాలా బెండుతో ఎర చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైపూత పూశాడు. చల్లే దారి పట్టినవాళ్లూ ఉన్నారు: అమెరికాలోని ఇండియానాలో క్రీక్ చబ్ కంపెనీ అంతకు ముందే కొయ్య ఎర మీద వల కప్పి, రంగు చల్లి పొలుసులు తెప్పించింది.

ఆ పొలుసుల పని ఇంట్లోనూ చేయొచ్చు. ముందు ఎర నుంచి గాలాలు, రింగులు తీసేయాలి. సన్నని గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు లేకుండా కడిగి, తెల్లరంగు పూత వేయాలి. ఆపైన పక్కలకు వెండిరంగు. అది ఆరాక దోమతెర లాంటి వలగుడ్డను ముడతల్లేకుండా బిగించి, బట్టల క్లిప్పులు పెట్టి, ముదురాకుపచ్చను వీపు వైపు నుంచి పలచగా చల్లాలి. గుడ్డ తీసే క్షణం చూడవలసిందే: దారం అడ్డుపడిన చోట వెండి గీతలు, వాటి మధ్య ఆకుపచ్చని పొలుసులు, కడుపు వైపు పోనుపోను మాయమవుతూ.

కొత్తవాళ్లకు రంగు పైనుంచి దిగే గిన్నె ఉన్న, 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల నాజిల్ ఎయిర్‌బ్రష్, నీటితో కలిపే యాక్రిలిక్ రంగులు చాలు. రంగు పాలంత పలచగా ఉండాలి. గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 20 నుంచి 30 పౌండ్లు. మధ్యలో తుంపర ఉమ్మినట్టు చుక్కలుగా పడితే సూది మొనను చూడండి. అక్కడ ఆవగింజకన్నా చిన్నగా రంగు గట్టిపడి ఉంటుంది. తడి దూదితో తుడవండి. తుంపర ఊపిరితిత్తుల్లోకీ పోతుంది కాబట్టి, కిటికీలు తెరిచి, తగిన మాస్కు పెట్టుకునే కూర్చోవాలి. చివరగా రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పూసి, కారిపోకుండా అది గట్టిపడేదాకా ఎరను నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి.

కానీ మొదటిరోజే ఎర జోలికి పోకండి. తెల్లకాగితం మీద ఆకుపచ్చను ముదురు నుంచి లేతకు, లేత నుంచి తెలుపుకు జార్చడం సాధన చేయండి. రంగు ఎక్కడ ఆగిందో మీ కంటికే దొరకని రోజున ఎర చేతికి తీసుకోండి.