అద్దె పడవ: వాళ్లు అడుగుతారు, మనం అడగం

గ్రీసు దీవుల మధ్య తెల్ల తెరచాప పడవలో తిరిగే రీళ్లు మన కుర్రాళ్ల ఫోన్లలో తెగ తిరుగుతన్నయి. మా ఎడ్లపాడు నుంచి చూస్తే కొండవీడు కొండ కనపడద్ది గానీ సముద్రం కనపడదు. అయినా "అన్నా, ఆ పడవ వారానికి అద్దె ఎంత అయిద్ది?" అని నన్ను అడిగినోళ్లు ఉన్నారు. డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పడవ ఎట్టా ఇస్తారో తెలుసుకోండి, మనకు పనికొచ్చే ముక్క అందులోనే ఉంది.

అవి ముప్పై, నలభై అడుగుల పడవలు. ఆరేడుగురు పడుకునే చిన్న గదులు, ఒక పొయ్యి, గాలి పడిపోతే నడవటానికి డీజిల్ ఇంజను ఉంటయి. ఎక్కువగా శనివారం నుంచి శనివారం దాకా ఇస్తారు. నడిపే స్కిప్పర్‌తో సహా తీసుకోవచ్చు, అప్పుడు ఆయన కూలీ తిండీ మన మీదే. లేకపోతే ఖాళీ పడవ తీసుకుని మనమే నడుపుకోవచ్చు. దాన్నే బేర్‌బోట్ అంటారు. మెలిక ఇక్కడుంది. జేబు నిండా డబ్బున్నా క్రొయేషియాలో నడిపేవాడి లైసెన్సు చూపకపోతే తాళం చేతికియ్యరు. గ్రీసులో అయితే పడవ పని తెలిసిన ఇంకో మనిషి కూడా తోడుండాల.

అప్పజెప్పేటప్పుడు పడవంతా తిప్పి చూపిస్తారు. మనిషికో లైఫ్ జాకెట్టు, మంటలార్పే సిలిండరు, లంగరు గొలుసు, రేడియో, గ్యాసు యాడ కట్టెయ్యాలి, అన్నీ చూసుకున్నాకే కాగితం మీద సంతకం. పడవ దెబ్బతింటే పట్టుకోటానికి డిపాజిట్టు ముందే కట్టాల. జూలై, ఆగస్టు నెలల్లో ఆ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి కొట్టుద్ది. గాలి మించితే రేవు దాటకూడదు. సెలవు పోతే పోయింది, అంతే.

ఇప్పుడు మన కాడికి రాండి. మిల్లుకు సెలవిస్తే మనోళ్లు విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ పోతారు. ఇంకొంచెం డబ్బులుంటే పాపికొండలు. ఆ లాంచీ కాడ మనల్ని అడిగేది టికెట్టు ఒక్కటే. మనం అడిగేది సీటు ఒక్కటే.

2017 నవంబరు 12న, కార్తీకమాసం ఆదివారం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. ఎక్కువమంది మన పక్కనున్న ఒంగోలు వాళ్లే. అది అనుమతి లేని ప్రైవేటు పడవ. రెండేళ్లు తిరక్కుండానే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదాట్లో ఇంకోటి మునిగింది. ఎక్కిన 77 మందిలో బతికి బయటపడింది 26 మంది. ఆ రోజు గోదారి వరద మీద ఉంది. వరద మీద పడవ ఎట్టా కదిలింది అని అడగాల్సింది ఆఫీసులోళ్లు. టికెట్టు కొన్న కూలోడి మీద ఆ తప్పు నెట్టటం నాకు మింగుడు పడదు.

అయినా అడిగే హక్కు మనకుంది. 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. నదుల్లో ఇంజను మీద తిరిగే పడవకు రిజిస్ట్రేషనుండాల, గట్టిదో కాదో తనిఖీ చేసిన సర్వే సర్టిఫికెట్టుండాల, నడిపే సరంగుకు యోగ్యత పత్రముండాల. ఎక్కేముందు "ఎంతమందికి పర్మిషను, ఎంతమందిని ఎక్కించారు?" అని గట్టిగా అడగండి. లెక్క మించితే దిగిపోండి. జాకెట్టు ఒడ్డు మీదే బిగించుకోండి. ఫొటోకి అడ్డమని ఇప్పేసే మొనగాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు, వాణ్ణి ఆడపిల్లల చేతే తిట్టించండి, వింటాడు.

ఇక తెరచాప మీద నిజంగా మోజుంటే, అది తెల్లోళ్ల సొత్తేం కాదు. 2017–18లో నౌకాదళం ఆడోళ్లు ఆరుగురు తారిణి అనే 17 మీటర్ల తెరచాప పడవలో భూగోళం చుట్టొచ్చారు. అందులో ఇద్దరు మన తెలుగోళ్లే, విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. హుస్సేన్ సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలక్కూడా ఈ విద్య నేర్పుతంది. మన జిల్లాలో అంత పెద్ద సాగర్ నీళ్లున్నయి. అట్టాంటి బడి ఒకటి విజయపురి సౌత్‌లో ఎందుకు పెట్టరో, ఈసారి ఓటడగటానికొచ్చినోణ్ణి అడుగుదాం.