అమెరికా కోర్టులు: మూడు గుమ్మాలు

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట! కోర్టంటే మన పెద్దలకు అంత భయం. అందుకేనేమో, అమెరికాలో ఉన్న పిల్లలతో ఉద్యోగం, ఇల్లు, గుడి, చలి అన్నీ మాట్లాడుకుంటాం గానీ కోర్టు ఊసెత్తం. కానీ కారు నడిపేవాడికి, ఇల్లు అద్దెకు తీసుకున్నవాడికి, బడికి వెళ్ళే పిల్లలున్నవాడికి ఏదో ఒకనాడు కోర్టు కాగితం రావచ్చు. అప్పుడు కంగారు పడకుండా ఉండాలంటే ముందే నాలుగు సంగతులు తెలిసి ఉండడం మంచిది.

మన దేశంలో మునసబు కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఒకటే నిచ్చెన. అమెరికాలో రెండు నిచ్చెనలు ఉన్నాయి. ఒకటి కేంద్రానిది, దాన్ని ఫెడరల్ కోర్టులంటారు. రెండోది రాష్ట్రాలది. 50 రాష్ట్రాలకూ ఎవరి చట్టాలు, ఎవరి కోర్టులు వారివే. ఎక్కువ కేసులు నడిచేది రాష్ట్ర కోర్టుల్లోనే. అందుకే టెక్సాస్‌లో జరిగింది విని న్యూజెర్సీలోనూ అంతే అనుకోకూడదు. అయినా ఎక్కడికి వెళ్ళినా ముఖ్యమైన గుమ్మాలు మూడు: క్రిమినల్, సివిల్, జువెనైల్.

క్రిమినల్ కేసు

ఇందులో ఫిర్యాది ప్రభుత్వమే. దెబ్బలు తిన్నవాడు, సొమ్ము పోగొట్టుకున్నవాడు సాక్షులు మాత్రమే. "మేమూ మేమూ రాజీ పడ్డాం, కేసు తీసేయండి" అంటే చాలదు. నడపాలో మానాలో తేల్చేది ప్రభుత్వ ప్రాసిక్యూటరు. చాలా రాష్ట్రాల్లో ఆయన్ని జనం ఓట్లేసి ఎన్నుకుంటారు.

చిన్న నేరాలను మిస్‌డిమీనర్లనీ, సాధారణంగా ఏడాదికి మించి జైలు పడగల వాటిని ఫెలనీలనీ అంటారు. అరెస్టు చేసి ప్రశ్నించే ముందు, నోరు విప్పకుండా ఉండే హక్కు, వకీలును పెట్టుకునే హక్కు ఉన్నాయని పోలీసులు చెప్పాలి. ఇది 1966 నాటి మిరాండా తీర్పు.

వకీలుకు డబ్బు లేనివాడి సంగతేమిటి? 1961లో ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడిని ఒక బిలియర్డ్స్ హాలులో దొంగతనానికి జొరబడ్డాడని పట్టుకున్నారు. వకీలును ఇప్పించమని అడిగితే జడ్జి కుదరదన్నాడు. తన కేసు తానే వాదించుకుని అయిదేళ్ళ శిక్ష తెచ్చుకున్నాడు. జైలు కాగితాల మీద పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు. తీవ్రమైన నేరం మోపినప్పుడు పేదవాడికి ప్రభుత్వమే వకీలును పెట్టాలని 1963లో కోర్టు తీర్పు చెప్పింది. వకీలు సాయంతో మళ్ళీ విచారణ జరిగితే జ్యూరీ గిడియన్‌ను నిర్దోషి అంది!

నేరాన్ని ఏ సహేతుకమైన అనుమానానికీ తావులేకుండా రుజువు చేయాలి. జ్యూరీలో సాధారణంగా 12 మంది మామూలు పౌరులుంటారు. తీవ్రమైన నేరాల్లో వాళ్ళంతా ఒక్కమాట మీదకు రావాలని 2020లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. మనకూ ఒకప్పుడు జ్యూరీ ఉండేది. బొంబాయిలో 1959లో నానావతి కేసులో జ్యూరీ నిర్దోషి అంటే జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపారు, అక్కడ శిక్ష పడింది. అమెరికాలో జ్యూరీ నిర్దోషి అందంటే ఆ నేరం మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళడానికి వీల్లేదు.

అయితే సినిమాల్లో చూపించే ఈ జ్యూరీ దాకా వచ్చే కేసులు చాలా తక్కువ. శిక్షపడిన కేసుల్లో నూటికి తొంభైకి పైగా బేరంతో తేలేవే. చిన్న నేరం ఒప్పుకుంటే పెద్ద నేరం వదిలేస్తారు. మనవాళ్ళు జాగ్రత్త పడవలసింది సరిగ్గా ఇక్కడే. జైలు తప్పిందని సంతోషించి సంతకం పెడితే వీసా, గ్రీన్ కార్డు పోవచ్చు. హోసే పడిల్లా అనే ఆయన గ్రీన్ కార్డుతో నలభై ఏళ్ళకు పైగా ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పోరాడాడు. ఇన్నేళ్ళున్నావు, నీకేం భయం లేదని వకీలు చెబితే నమ్మి మాదకద్రవ్యాల కేసులో నేరం ఒప్పుకున్నాడు. తీరా చూస్తే దేశం విడిచిపోవలసిన పరిస్థితి. ఇటువంటి ముప్పును క్లయింటుకు చెప్పడం వకీలు బాధ్యత అని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది.

సివిల్ కేసు

ఇది మనిషికీ మనిషికీ, లేదా మనిషికీ కంపెనీకీ మధ్య దావా. కారు గుద్దుకోవడం, అద్దె బకాయి, ఒప్పందం తప్పడం, విడాకులు ఇందులోకి వస్తాయి. ఇక్కడ జైలు మాట ఉండదు, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలన్నదే ప్రశ్న. రుజువు కూడా అంత గట్టిగా అక్కర్లేదు. తక్కెడ వాది వైపు కాస్త మొగ్గితే చాలు.

ఆ తేడా ఎంతటిదో ఓ.జె. సింప్సన్ వ్యవహారంలో లోకమంతా చూసింది. భార్యగా ఉండి విడిపోయిన ఆమెనూ మరొకరినీ హత్య చేశాడన్న కేసులో 1995లో క్రిమినల్ జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది. అవే చావుల మీద చనిపోయినవారి కుటుంబాలు వేసిన దావాలో 1997లో సివిల్ జ్యూరీ బాధ్యుడన్నది. మొత్తం 3 కోట్ల 35 లక్షల డాలర్లు కట్టమన్నారు.

సమన్లు వస్తే బల్ల సొరుగులో పడేయకూడదు. ఫెడరల్ కోర్టులో జవాబుకు మామూలుగా 21 రోజులే గడువు, రాష్ట్రాల గడువులు వేరు. జవాబివ్వకపోతే ఎదుటివాడి పక్షానే తీర్పు వచ్చేస్తుంది. విచారణకు ముందే ఇరుపక్షాలూ కాగితాలు చూపుకోవాలి, ప్రమాణం చేసి ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. బలాబలాలు అక్కడే తెలిసిపోతాయి గనుక చాలా దావాలు రాజీతో ముగుస్తాయి. గెలిచినా మామూలుగా ఎవరి వకీలు ఖర్చు వారిదే. గాయాల కేసుల్లో గెలిస్తేనే వాటా తీసుకునే వకీళ్ళున్నారు. చిన్న మొత్తాలకు వకీలు లేకుండానే వెళ్ళగల స్మాల్ క్లెయిమ్స్ కోర్టులున్నాయి.

పిల్లల కోర్టు

మొదటి జువెనైల్ కోర్టు 1899లో చికాగోలో పెట్టారు. పిల్లవాడిని శిక్షించడం కన్నా దిద్దడం ముఖ్యమన్నది ఉద్దేశం. అందుకే అక్కడ 'దోషి' అనే మాట వాడరు. జ్యూరీ కూడా సాధారణంగా ఉండదు, జడ్జే తేలుస్తారు. మంచి ఉద్దేశమే, కానీ పిల్లవాడి మేలు కోరే కోర్టే కదా, వకీలెందుకు, సాక్షులెందుకు అనే ధోరణి పెరిగింది.

1964లో అరిజోనాలో జెరాల్డ్ గాల్ట్ అనే 15 ఏళ్ళ కుర్రవాడు ఫోనులో అసభ్యంగా మాట్లాడాడని పొరుగింటావిడ ఫిర్యాదు చేసింది. తల్లిదండ్రులు పనిలో ఉండగా పోలీసులు తీసుకుపోయారు. ఇంట్లో చీటీ ముక్క కూడా పెట్టలేదు. తల్లి సాయంత్రం వచ్చి, బిడ్డ కనబడక పెద్ద కొడుకును వెతకడానికి పంపింది. ఫిర్యాదు చేసినావిడ కోర్టుకు రానేలేదు. వకీలు లేడు. 21 ఏళ్ళు వచ్చేదాకా సంస్కరణ పాఠశాలలో ఉంచవచ్చని జడ్జి ఉత్తర్వు! అదే తప్పు పెద్దవాడు చేస్తే 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదా రెండు నెలలకు మించని జైలు. తల్లిదండ్రులు వదలకుండా పోరాడారు. నోటీసు, వకీలు, సాక్షులను ప్రశ్నించే అవకాశం, మౌనంగా ఉండే హక్కు పిల్లలకూ ఉన్నాయని 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

పిల్లల కోర్టే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. తీవ్రమైన నేరమైతే పెద్దల కోర్టుకు బదిలీ చేయవచ్చు. "పోలీసాయన అడిగితే అన్నీ చెప్పేయి నాయనా" అనడం మన ఇళ్ళలో అలవాటు. అబద్ధం ఎప్పుడూ చెప్పకూడదు, నిజమే. కానీ వకీలు వచ్చేదాకా ఆగడం అబద్ధం కాదు.

గుర్తుంచుకోవలసినవి

పోలీసులు పట్టుకుంటే పెనుగులాడకూడదు, మర్యాదగా వకీలును అడగాలి. క్రిమినల్ వకీలుతో పాటు వలస చట్టం తెలిసినవారిని కూడా అడిగాకే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టాలి. భారత పౌరులైతే మన కాన్సులేటుకు తెలియజేయమని కోరే హక్కుంది. కోర్టు వాయిదా తప్పకూడదు, తప్పితే అరెస్టు వారంటు రావచ్చు. ఏ రాష్ట్రంలో కేసో ఆ రాష్ట్రపు వకీలు మాటే వినాలి, స్నేహితుల మాట కాదు.

గిడియన్‌కు గానీ గాల్ట్ తల్లిదండ్రులకు గానీ పలుకుబడి లేదు, డబ్బు లేదు. అన్యాయం జరిగిందని తెలిసి అడిగారు, అంతే. ఈసారి పిల్లలతో ఫోనులో మాట్లాడేటప్పుడు క్షేమసమాచారాలతో పాటు ఈ నాలుగు మాటలూ చెప్పండి. అవసరం రాకపోతే మరీ సంతోషం.