నిదానమే ప్రధానం: ఇంటిలోని మొక్కల ఆకులు చెప్పే ఆనవాళ్ళు

"నిదానమే ప్రధానం" అన్న సామెతను మనం సాధారణంగా తొందరపాటు కలవారిని హెచ్చరించడానికి వాడుతూ ఉంటాము. ఆయుర్వేదంలో నిదానమన్న మాటకు మరొక అర్థం ఉన్నది. రోగానికి మూలకారణం ఏమిటో తేల్చుకొనడాన్ని అక్కడ నిదానం అంటారు. చికిత్స దాని తరువాతి మెట్టు. ఇంటిలో పెంచుకొనే మొక్కల విషయంలో ఈ రెండు అర్థాలూ వర్తిస్తాయి.

నేడు మన క్వార్టర్లలో మనీప్లాంటు లేని వరండా, అరికా పామ్ లేని ముందుగది అరుదు. పచ్చని మొక్క ఇంటికి ఎంత కళ తెస్తుందో, దాని ఆకు పసుపుబారినా, మచ్చలు పడినా మనసుకు అంత కష్టం కలుగుతుంది. ఆ కష్టంలో చాలామంది చేసే మొదటి పని పురుగుమందు తెచ్చి చల్లడం. కాని ఇంటి లోపలి మొక్కల ఆకులు పాడవడానికి పురుగు ఒక కారణం మాత్రమే. నీరు, వెలుతురు, లవణాలు, పోషకలోపం కూడా అవే మచ్చలను, అదే పసుపును తెచ్చిపెట్టగలవు. యంత్రం ఆగిపోయినప్పుడు కారణం తెలియకుండా విడిభాగాలు మార్చుకుంటూ పోయే మెకానిక్కును మనం మెచ్చుకొనము. మొక్క విషయంలోను అదే నియమాన్ని పాటించవలసి ఉన్నది.

ముందుగా వేసుకొనవలసిన ప్రశ్నలు

మందు సీసా మూత తీయకముందే ఈ క్రింది ఐదు ప్రశ్నలకు జవాబులు వెదకాలి.

1. దెబ్బ ముదురు ఆకులపై ఉన్నదా, లేత ఆకులపై ఉన్నదా?
2. మచ్చలు ఆకు కొనలకు, అంచులకు పరిమితమా? ఈనెల మధ్య ఉన్నాయా? చెదురుమదురుగా ఉన్నాయా?
3. ఒక్క రోజులో వచ్చినదా, వారాల తరబడి మెల్లగా ప్రాకినదా?
4. ప్రక్కనున్న వేరే జాతి మొక్కలకు కూడా ఉన్నదా?
5. గడచిన నెల రోజులలో కుండీ స్థానం, నీరు, ఎరువు, ఏ.సీ. గాలి, వీటిలో ఏదైనా మారినదా?

సాధారణంగా జీవం లేని కారణాల వలన కలిగే నష్టం ఒక క్రమంలో ఉంటుంది. ఒకే వయసుగల ఆకులన్నింటిపైన, ఒకే చోట కనిపిస్తుంది. పురుగులు, తెగుళ్ళు ఒక మూల మొదలై, క్రమం లేకుండా విస్తరిస్తాయి. రకరకాల మొక్కలన్నీ ఒకేనాడు వాడిపోయిన యెడల పురుగుకంటె ముందుగా నీటిని, వేడిని అనుమానించాలి.

నీరు: ఒకే లక్షణం, రెండు వ్యతిరేక కారణాలు

నీరు చాలని మొక్క వాడిపోతుంది. నీరు ఎక్కువైన మొక్క కూడా అదే విధంగా వాడిపోతుంది. వేళ్ళకు నీటితోపాటు ప్రాణవాయువు అవసరం. మట్టి రంధ్రాలన్నీ నీటితో నిండిపోతే వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతాయి. కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు. అప్పుడు తడి మట్టిలో నిలబడి కూడా మొక్క దాహంతో వాడుతుంది. దానిని చూచి మరొక చెంబెడు నీరు పోయడంతో మొక్క ఆయుష్షు తీరిపోతుంది.

దీనిని తేల్చుకొనడం సులభం. రెండు అంగుళాల లోతున వ్రేలు గ్రుచ్చి చూడాలి. మట్టి పొడిగా ఉంటే నీరు పోయాలి. తడిగా ఉండి మొక్క వాడి ఉంటే కుండీని ప్రక్కకు వంచి, మట్టిబెడ్డతో సహా మొక్కను మెల్లగా బయటకు తీసి వేళ్ళను చూడాలి. తెల్లగా గట్టిగా ఉన్నవి ఆరోగ్యవంతమైన వేళ్ళు. గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, చెడువాసన వేసేవాటిని కత్తిరించి, నీరు త్వరగా జారిపోయే క్రొత్త మట్టిలో నాటుకోవాలి.

లవణాలు, ఫ్లోరైడ్

ఆకు మధ్యభాగం పచ్చగా ఉండి కొన మాత్రమే మాడినట్లయితే కుండీ అంచున, మట్టిపైన తెల్లని పొర ఉన్నదేమో చూడాలి. బోరు నీటిలోని లవణాలు, ఎరువుల అవశేషాలు అక్కడ పేరుకొంటాయి. నీరు ఆకుల ద్వారా ఆవిరైపోయేటప్పుడు లవణం వెంట పోలేదు, ఆకు కొనలలోనే మిగిలిపోతుంది. బాయిలరులో నీరు ఆవిరై లవణం మిగిలినట్లే ఇదీ జరుగుతుంది. బాయిలరుకు బ్లోడౌన్ ఎంత అవసరమో, కుండీకి అప్పుడప్పుడు అడుగు రంధ్రం నుండి ధారగా కారిపోయేటంత మంచినీరు పోసి లవణాలను కడగడం అంత అవసరం.

చాలా ఇళ్ళలో ఆర్.ఓ. యంత్రం నుండి వచ్చే వృథా నీటిని మొక్కలకు పోస్తున్నారు. పొదుపు మంచిదే. అయితే బోరు నీటిలోని లవణాలు ఆ నీటిలో మరింత చిక్కబడి ఉంటాయి. దానిని నేల కడగడానికి వాడుకొని, కుండీలకు వాననీరు గాని, ఏ.సీ. నుండి కారే నీరు గాని పోయడం మేలు.

ఫ్లోరైడ్ సమస్య తెలుగువారికి క్రొత్త కాదు. నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చిన పరిశోధన 1937లోనే వెలువడినది. నల్గొండ, ప్రకాశం జిల్లాల ప్రజలు పడిన బాధ మనకు తెలిసినదే. త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఆమోదయోగ్యమని భారతీయ ప్రమాణం చెబుతున్నది. డ్రసీనా, కార్డిలైన్, స్పైడర్ ప్లాంటు వంటి మొక్కల ఆకుకొనలు అంతకంటె తక్కువ మోతాదుకే మాడగలవు. సూపర్ ఫాస్ఫేటు ఎరువులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది కనుక ఈ మొక్కలకు దానిని వేయరాదు.

వెలుతురు, పోషకాలు

మన కన్ను తక్కువ వెలుతురుకు త్వరగా అలవాటుపడుతుంది కనుక గది ఎంత చీకటిగా ఉన్నదో మనకు తెలియదు. నడినెత్తిన ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉండగా, ట్యూబులైటు వెలుగులోని గది కొన్ని వందల లక్స్ మించదు. కణుపుల మధ్య దూరం పెరిగి, ఆకులు చిన్నవై, తీగ కిటికీ వైపు సాగుతుంటే అది వెలుతురు కొరత. ఇందుకు విరుద్ధంగా, నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే ఎండ తగిలిన వైపు మాత్రమే తెల్లగా పాలిపోయిన మచ్చలు పడతాయి. వాటికి ఏ మందూ పని చేయదు. క్రొత్త ఆకులు వచ్చేవరకు వేచి ఉండవలసినదే.

పోషకలోపాన్ని గుర్తించే సూత్రం కూడా సులభమైనది. నత్రజని, మెగ్నీషియం, పొటాషియం మొక్కలో ఒకచోటి నుండి మరొకచోటికి కదలగలవు. కొరత వచ్చినప్పుడు మొక్క ముదురు ఆకులలోనుండి వీటిని తీసి లేత ఆకులకు పంపుతుంది. అందువలన ముందు క్రింది ఆకులు దెబ్బతింటాయి. ఇనుము అట్లా కదలలేదు. అందుచేత లేత ఆకులు పసుపురంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. క్షారగుణం గల నీరు పోసే ఇళ్ళలో ఇది తరచుగా కనిపిస్తుంది. లీటరు నీటిలో 2 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ముందు ఒక్క ఆకుపై పరీక్షించి, ఆ తరువాత పలుచగా చల్లవచ్చును.

పురుగుల ఆనవాళ్ళు

ఇక నిజమైన దొంగల సంగతి. వీటిని పట్టుకొనడానికి 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక తెల్లకాగితం చాలును.

ఎర్రనల్లి: ఆకు పైభాగాన సూదితో పొడిచినట్లు సన్నని పాలిపోయిన చుక్కలు, అడుగున సన్నని సాలెగూడు దారాలు కనిపిస్తాయి. తెల్లకాగితంపై ఆకును తట్టినప్పుడు రాలిన నలుసులు మెల్లగా కదిలితే అవి నల్లులే. వీటి పొడవు అర మిల్లీమీటరు మించదు. వేడి, పొడి గాలి వీటికి ప్రీతి. 30 డిగ్రీల వేడిలో వారం పది రోజులలో ఒక తరం పూర్తవుతుంది.

పిండినల్లి: ఆకు తొడిమల మూలలలో తెల్లని దూదిపింజల వలె ఉంటుంది. చీమల బారు కుండీ ఎక్కుతున్నదంటే పైన పిండినల్లి గాని, పేనుబంక గాని, పొలుసు పురుగు గాని ఉన్నదేమో చూడాలి. ఇవి విసర్జించే తీపి జిగురు కొరకే చీమలు వస్తాయి. ఆ జిగురుపైనే నల్లని మసి తెగులు పెరుగుతుంది.

పొలుసు పురుగులు: కాడలపై, ఈనెల వెంబడి గోధుమరంగు బొడిపెలు. గోటితో గీకితే ఊడి వస్తాయి.

తామర పురుగులు: వెండి పూసినట్లు మెరిసే చారలు, వాటి నడుమ నల్లని మలపు చుక్కలు.

తెల్లదోమ: మొక్కను కదిపినప్పుడు గుంపుగా లేచి మరల వాలుతుంది. ఆముదం రాసిన పసుపు అట్ట ముక్కను కుండీ ప్రక్కన కట్టిన యెడల అంటుకుపోతుంది.

మట్టి దోమలు: తడి మట్టిపై ఎగిరే నల్లని చిన్న ఈగలు. కోసిన బంగాళదుంప ముక్కను రాత్రి మట్టిపై బోర్లించి ఉంచి, ఉదయం తిప్పి చూస్తే నల్లతల గల తెల్లని పిల్లపురుగులు కనబడతాయి. మట్టి పైపొరను ఎండనివ్వడమే వీటికి మొదటి చికిత్స.

దొంగల వలె కనిపించే నిర్దోషులు కూడా ఉన్నారు. ఫెర్న్ ఆకు అడుగున వరుస తప్పకుండా ఉండే గోధుమరంగు చుక్కలు పురుగులు కావు, అవి ఆ మొక్క సంతానబీజాలు. తెల్లవారుజామున మనీప్లాంటు ఆకుకొనన నిలిచే నీటిబొట్టు కూడా రోగం కాదు. వ్రేలితో తాకినప్పుడు జిగురుగా ఉంటేనే అనుమానించాలి.

గదిలో మందు: అసలు ప్రమాదం

మా కాలనీలో ఒక మిత్రుని ఇంట అరికా పామ్ ఆకులు కళతప్పి, సన్నని చుక్కలు పడినవి. ఎవరో చెప్పిన పురుగుమందును పడకగదిలోనే రెండుమార్లు చల్లినారు. చుక్కలు తగ్గలేదు. మందు వాసన మాత్రం రెండు రోజులు గదిని వదలక, ఉబ్బసం ఉన్న పిల్లవానిని వేరొక గదిలో పడుకోబెట్టవలసి వచ్చినది. తరువాత భూతద్దంతో చూడగా ఆకుల అడుగున ఎర్రనల్లి కనిపించినది. నల్లి సాలెపురుగుకు దగ్గరి బంధువు, ఎనిమిది కాళ్ళ ప్రాణి. కీటకాలకై చేసిన మందులలో చాలావరకు దానిని ఏమీ చేయలేవు. ఆ మొక్కను ఏ.సీ. గాలికి దూరంగా జరిపి, ఐదు రోజులకొకసారి చొప్పున మూడుమార్లు స్నానాలగదిలో ఆకుల అడుగుభాగాన్ని నీటిధారతో కడిగినారు. తరువాత వచ్చిన మట్టలు స్వచ్ఛంగా ఉన్నవి.

పొలానికి తయారైన మందు గదికి తగదు. పొలంలో గాలి, ఎండ, వాన మందును పలుచబరుస్తాయి. గదిలో అది పరదాలపైన, పరుపులపైన, నేలపై ప్రాకే పసిపిల్లల చేతులపైన నిలుస్తుంది. ఒకనాడు ఇళ్ళలో విరివిగా వాడిన డైక్లోర్వాస్‌ను మన ప్రభుత్వం 2018 నాటి ఉత్తర్వు ద్వారా 2020 డిసెంబరు 31 నుండి పూర్తిగా నిషేధించినది. నల్లుల మందుగా పేరొందిన డైకోఫాల్ కూడా 2023లో నిషేధింపబడినది. అటకపై మిగిలిన పాత సీసాలు ఉన్న యెడల వాటిని వాడరాదు.

మందు డబ్బాపై ఉండే త్రికోణం రంగును పిల్లలకు కూడా నేర్పుదాము. ఎరుపు అతి తీవ్రమైన విషం, పసుపు తీవ్రమైన విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్పం. ఆకుపచ్చ కూడా నిరపాయమని అర్థం కాదు.

సరియైన నిదానం వలన ఎంత మేలు కలుగునో దేశం చూచినది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి బయటపడి బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను దెబ్బతీసినది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఆ పురుగు ఏ జాతిదో, దాని స్వస్థలమేదో తేలిన తరువాత, 2010లో ప్యూర్టోరికో నుండి దాని సహజశత్రువులైన చిన్న కందిరీగ జాతులను తెచ్చి విడిచినారు. పురుగు అదుపులోకి వచ్చినది.

ఇంటికి తగిన చికిత్స

మొదట రోగపు మొక్కను మిగిలినవాటి నుండి వేరుచేయాలి. బాగా పాడైన ఆకులను కత్తిరించి సంచిలో మూటగట్టి పారవేయాలి. తరువాత నీటిధారతో ఆకుల అడుగుభాగం కడగాలి. పిండినల్లిని, పొలుసు పురుగును స్పిరిటులో ముంచిన దూదితో తుడిచివేయవచ్చును. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్ది చుక్కల మెత్తని సబ్బు ద్రవం బాగా కలిపి, మొక్కను ఆరుబయటికి తెచ్చి, సాయంత్రం వేళ చల్లాలి. ముందుగా ఒక ఆకుపై చల్లి రెండు రోజులు గమనించడం మరువరాదు. గ్రుడ్లు ఈ మందులకు లొంగవు కనుక, అవి పిల్లలైన వెంటనే పట్టుకొనేందుకు ఐదు నుండి ఏడు రోజుల వ్యవధితో మూడుమార్లు చల్లడం అవసరం. చాలామంది ఒక్కసారితో మాని, మందు పనిచేయలేదని నిందిస్తారు.

అన్నింటికంటె చౌకయైనది ముందుజాగ్రత్త. కడియం నర్సరీ నుండి తెచ్చినా, వీధిలో బండివాని వద్ద కొన్నా, క్రొత్త మొక్కను మూడు వారాలపాటు విడిగా ఉంచి చూడాలి. ఆదివారం పది నిమిషాలు కేటాయించి, తడిగుడ్డతో ఆకుల దుమ్ము తుడుస్తూ అడుగుభాగం పరిశీలించాలి. కర్మాగారంలో మనం లాగ్‌బుక్కు వ్రాసినట్లే, నీరు పోసిన తేదీ, ఎరువు వేసిన తేదీ, కుండీ మార్చిన తేదీ ఒక చిన్న పుస్తకంలో వ్రాసే పనిని ఇంటిలోని పిల్లలకు అప్పగించండి. ఆకుపై మచ్చ కనిపించిన నాడు ముందు తెరవవలసినది ఆ పుస్తకాన్నే.