ఎండాకాలం గాలానికి చేప ఎందుకు పడదు?

వేసవి సెలవుల్లో చెరువు గట్టున గంటల తరబడి గాలం వేసుక్కూర్చున్నా బెండు కదలదు. "చేపలకీ బద్ధకమే" అంటారు మా ఊళ్లో. నాకు తెలిసిన కాస్త సైన్సుని బట్టి అది బద్ధకం కాదు, ఊపిరి ఇబ్బంది.

20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది 7.5కి తగ్గుతుంది. నీరు వేడెక్కితే చేప ఒళ్లూ వేడెక్కి, ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారమన్నమాట! అప్పుడు బొచ్చె, శీలావతి మేత తగ్గించేస్తాయి.

నీటిలోని నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి తానూ పీల్చుకుంటుంది. కనుక పచ్చబడిన చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ అతి తక్కువ. వేసవిలో గాలానికి పొద్దుగూకే వేళే మేలు.

కొర్రమేను సంగతి వేరు. దాని తలలో గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అర ఉంది. మధ్యమధ్య పైకొచ్చి గాలి మింగిపోతుంది. మిగతావి ఎర ముట్టని వేళ తుంగ పక్కన ఎర్రని గుచ్చి వేస్తే ఇది దొరకొచ్చు.

ఒక్క మనవి. తెల్లవారుజామున చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే, ఎవరో మందు కలిపారని పక్కవాళ్లతో తగవు పడకండి. ముందు మోటారు వేసి నీటిని పైనుంచి ధారగా పోయించండి. ఆ గంటలోనే చెరువు దక్కేదీ, దక్కనిదీ తేలుతుంది.