ధ్వనిముద్రికలలో ఛానళ్ల వేర్పాటు: భాషాపరిశోధకుల కొక వివరణము

తెలుగు శాఖలలో జానపదగేయముల సేకరణకును, మాండలికపదముల సేకరణకును మంచి చరిత్ర కలదు. 1950లలో ఆచార్య బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపదగేయ సాహిత్యముపై చేసిన పరిశోధనయు, 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును ఇందుకు సాక్ష్యములు. ఇట్టి సేకరణలలో చెవితో విని చేతితో వ్రాసికొనుటయే చాలకాలము ప్రధానమార్గముగా నుండెను. ధ్వనిని ధ్వనిగానే పరిశీలింపదలచినవారు పాత గ్రామఫోను రికార్డులను కూడ వెదకికొనవలసియున్నది. రామగుండము, గోదావరిఖని వంటి బొగ్గుగనుల పట్టణములలో నానాజిల్లాల కార్మికులు వచ్చి స్థిరపడియున్నారు కనుక అక్కడి యిండ్లలో నానాప్రాంతముల రికార్డులు దొరకుట వింత గాదు. వానిని కంప్యూటరులోని కెక్కించు పని సాధారణముగా ఒక సాంకేతికున కప్పగింతుము. విద్యార్థిచేతికి వచ్చునది ఫలితము మాత్రమే. ఆ ఫలితము నాధారముగా గొని 'ఈ గాయకుడు ఇచ్చట దంత్యచకారమునే పలికినాడు' అని నిర్ణయించుటకు ముందు, గాడిలోనుండి ముల్లు ఏమి తెచ్చినదో, ఏమి తేలేదో తెలిసికొనవలెను. ఛానళ్ల వేర్పాటు అను విషయము మనకు కావలసివచ్చునది ఇచ్చటనే.

రికార్డు గాడిని అడ్డముగా కోసి చూచినచో అది రెండు ఏటవాలు గోడలు గల సన్నని కాలువవలె నుండును. ఒక్కొక్క గోడ రికార్డు తలమునకు 45 డిగ్రీల వాలున నుండును; అనగా రెండు గోడలకు నడుమ కోణము 90 డిగ్రీలు. పాత 78 వేగపు రికార్డులలో ముల్లు ఇటునటు ఊగుటయే ధ్వని. స్టీరియో రికార్డులో కేంద్రమువైపు గోడపై ఎడమ ఛానలును, అంచువైపు గోడపై కుడి ఛానలును చెక్కబడును. ఈ ఆలోచనను 1931 డిసెంబరులో ఇంగ్లండునందు ఇ.ఎం.ఐ. సంస్థలో పనిచేయుచుండిన అలన్ బ్లూమ్లైన్ తన పేటెంటు దరఖాస్తులో వివరించెను. అది 1957లో వెస్ట్రెక్స్ సంస్థ ప్రదర్శనతో ఊపందుకొని, మరుసటి సంవత్సరమున విపణికి వచ్చెను. కాలువ ఒకటే, ముల్లు ఒకటే. సమాచారము మాత్రము రెండు. ముల్లు చివర కదలికను చూచి 'ఇది ఎడమగోడది, ఇది కుడిగోడది' అని విడదీయు బాధ్యత కార్ట్రిడ్జిది. అది ఎంత శుభ్రముగా విడదీయగలదో తెలుపు కొలతయే ఛానళ్ల వేర్పాటు.

బొగ్గుబాయి నెరిగినవారికి దీనిని చెప్పుట సులభము. భూగర్భగనిలో మంచిగాలి ఒక దారిన లోనికి పోవును. పనిచోట్లను చుట్టివచ్చిన గాలి మరియొక దారిన ఫ్యానువైపు మరలును. రెండు దారులును పక్కపక్కనే సాగుటచే నడుమ అడ్డుగోడలు కట్టుదురు, తలుపులు పెట్టుదురు. గోడ బీటలు వారినను, తలుపు సరిగా మూయకున్నను గాలి పనిచోటు చేరకయే అడ్డదారిన ఫ్యానును చేరును. కార్ట్రిడ్జిలో ఎడమ ధ్వని కొంత కుడి తీగలోనికి చొరబడుట ఇట్టిదే. అయితే ఉపమానము ఇంతవరకే. గనిలో గాలి ఒకవైపే కారును. కార్ట్రిడ్జిలో ఇటునుండి అటును, అటునుండి ఇటును కారును, ఆ రెండును సమానము గానక్కరలేదు.

వేర్పాటును డెసిబెల్లులలో కొలుతురు. 20 డెసిబెల్లులనగా, ఎడమ తీగలో పది పాళ్లున్న ధ్వని కుడి తీగలో ఒక పాలుగా చొరబడినదని యర్థము. 30 అయినచో సుమారు ముప్పదిరెండింట ఒక పాలు. మంచి అయస్కాంత కార్ట్రిడ్జులలో ఇది సాధారణముగా 20కిని 30కిని నడుమ నుండును. తయారీదారులు ప్రకటించు అంకె ప్రాయికముగా 1000 హెర్ట్జ్ వద్ద కొలిచినది. పై స్వరములలో, అనగా 10000 హెర్ట్జ్ ప్రాంతమున, అది బాగుగా తగ్గిపోవును. ఒక్క అంకెను చూచి కార్ట్రిడ్జిని మెచ్చుకొనుట ఒక్క పద్యమును చూచి కావ్యమును మెచ్చుకొనుట వంటిది.

చొరబాటునకు కారణములు పెక్కు. కదలు అయస్కాంతపు రకములో ముల్లుకాడ చివర నొక చిన్న అయస్కాంతముండును. దాని నంటి 90 డిగ్రీల కోణమున రెండు తీగచుట్ల జతలుండును. ఆ కోణము రవంత తప్పినను, అయస్కాంతక్షేత్రము పక్క చుట్టలోనికి ఒలికినను, కాడను పట్టియుంచు రబ్బరు ముదిరి గట్టిపడినను వేర్పాటు చెడును. చౌక రికార్డు ప్లేయర్లలో వాడిన సిరామిక్ కార్ట్రిడ్జులలో రెండు పలుకలను ముల్లుతో కలుపు మెత్తని బంధమే రెండు కదలికలను కొంత కలిపివేయును. కనుక వానియందు వేర్పాటు తక్కువ.

అన్నిటికంటె సామాన్యమైనదియు, సరిదిద్దదగినదియు ముల్లు నిలువుతనము. ఎదుటినుండి చూచినపుడు ముల్లు రికార్డుపై నిట్టనిలువుగా నిలువవలెను. కార్ట్రిడ్జి ఒక పక్కకు ఒరిగినచో ఎడమ చుట్ట కుడిగోడ కదలికనుగూడ కొంత అందుకొనును. లెక్క సులువైనది: ఒరిగిన కోణపు టాంజెంటు ఎంతో చొరబాటు అంత. 1 డిగ్రీ ఒరిగిన, తక్కిన లోపములేవియు లేకున్నను, వేర్పాటు 35 డెసిబెల్లులను మించదు. 2 డిగ్రీలకు 29. 5 డిగ్రీలకు 21. కంటికి ఆననంత ఒరుగుదల వలన ఖరీదైన కార్ట్రిడ్జి సామాన్యమైన దానితో సమానమగుచున్నది.

ఇచ్చట ఒక శంక కలుగవచ్చును. 78 వేగపు తెలుగు రికార్డులన్నియు ఏకఛానలువే గదా, రెండు గోడలయందును ఒకే పాట యున్నపుడు వేర్పాటుతో మనకేమి పని? పని కలదు. పాట ఒకటే గాని గాయములు ఒకటి గావు. ఉక్కుముల్లు గల బరువైన సౌండ్‌బాక్సు క్రింద ఏండ్ల తరబడి నలిగిన గాడిలో ఒక గోడ మరియొకదానికంటె ఎక్కువగా అరిగియుండుట కద్దు. స్టీరియో కార్ట్రిడ్జితో రెండు గోడలను వేర్వేరుగా తీసికొన్నచో మెరుగైన గోడను ఎన్నుకొనవచ్చును. ఎడమగోడ రొద 10 పాళ్లనుకొందము. రెంటిని కలిపి సగము చేసినచో 5 పాళ్ల రొద మిగులును. వేర్పాటు 20 డెసిబెల్లులున్న కార్ట్రిడ్జితో కుడిగోడ నొక్కదానినే తీసికొన్నచో చొరబడి వచ్చు రొద 1 పాలు మాత్రమే. వేర్పాటు 10 డెసిబెల్లులే యైనచో 3 పాళ్లకు పైగా వచ్చును. అప్పుడు ఎన్నికవలన లాభము స్వల్పము. మా దృష్టిలో భాషాపరిశోధకునకు ఛానళ్ల వేర్పాటు ముఖ్యమగునది ఇందుకొరకే గాని సంగీతపు విశాలత కొరకు గాదు.

రెండు గోడలును సమానముగా నలిగినచో కలుపుటయే మేలు. అప్పుడు పాట రెట్టింపగును. సంబంధములేని రొదలు మాత్రము రెట్టింపు గావు. కనుక 3 డెసిబెల్లుల లాభము కలుగును. ముల్లును పైకి క్రిందికి ఊపు రొద మొదలే రద్దగును, ఏలయన అది రెండు ఛానళ్లలోను వ్యతిరేకముగా వచ్చును. ఓపెన్‌కాస్టు గనుల సమీపమున నివసించువారికి ఇది గమనింపదగిన విషయము. పేలుడు వేళ భూమి అదరినపుడు నిలువు కదలిక ముల్లును చేరవచ్చును. కలిపిన ధ్వనిలో అది చాలవరకు అణగును, ఒక్క గోడనే తీసికొన్నచో అణగదు. ఆ వేళ యంత్రమును ఆపియుంచుట సులువైన మార్గము. బొగ్గుధూళి సంగతి వేరు. అది గాడిలో ఇచ్చవచ్చిన గోడ నంటుకొనును. ఏ లెక్కయు దానిని పోగొట్టదు, కడుగవలసినదే. లక్క రికార్డును సారాయిద్రవములతో కడుగరాదు, లక్క కరగును.

ముల్లు పరిమాణమును మరువరాదు. 78 రికార్డు గాడికి సుమారు 65 నుండి 75 మైక్రాన్ల మొన కావలెను. ఎల్.పి.లకు వాడు 18 మైక్రాన్ల మొన ఈ వెడల్పు గాడి యడుగున దొర్లుచు గోడలను సరిగా ముట్టదు. అప్పుడు వేర్పాటును గూర్చి మాటలాడుటయే వృథా.

ఇక ఉచ్చారణ విషయము. శ, ష, స భేదములును, దంత్య తాలవ్య చకారముల భేదమును ఎక్కువగా 3000 హెర్ట్జ్‌లకు పైనుండు ధ్వనులచే తెలియును. 1925కు పూర్వము కొమ్ములోనికి పాడి ముద్రించిన రికార్డులలో ధ్వని ఆ ప్రాంతముననే సన్నగిల్లును. అట్టి రికార్డునుండి సకారమువలె వినవచ్చునది పలుమారు గోడ గరగరయే. విద్యుత్ పద్ధతిన ముద్రించిన తరువాతి రికార్డులలో ఈ ధ్వనులు కొంతవరకు దొరకును. కాని కార్ట్రిడ్జి వేర్పాటు బలహీనపడు ప్రాంతమును, చెడిన గోడ గరగర మిక్కిలిగా నుండు ప్రాంతమును అదే. కనుక అనుమానాస్పదమైన అక్షరమును ఎడమ, కుడి ఛానళ్లలో వేర్వేరుగా వినవలెను. రెంటను ఉన్నది గాయకునిదని నమ్మవచ్చును. ఒకదానియందు మాత్రమే స్పష్టముగా నున్నది గోడది.

పరీక్షా విధానములో ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఏకఛానలు రికార్డును పెట్టి, ఒక ఛానలునుండి మరియొక దానిని తీసివేసి, పాట మాయమైనచో వేర్పాటు చక్కగా నున్నదని కొందరు తలతురు. అది రెండు ఛానళ్ల సమతౌల్యమునకు పరీక్ష. రెండువైపుల నుండియు సమానముగా చొరబాటున్నను పాట మాయమగును. వేర్పాటును కొలుచుటకు ఒక గోడపై మాత్రమే ధ్వని గల స్టీరియో పరీక్షా రికార్డు కావలెను: మొదట ఎడమ, తరువాత కుడి, 1000 హెర్ట్జ్ వద్దను, అంతకు పైనను. ఆ అంకెలను, ముల్లు పరిమాణమును, ఏ గోడను తీసికొన్నదియు ఫైలుతోపాటు వ్రాసి యుంచవలెను. రెండు ఛానళ్లను కలుపక విడివిడిగానే దాచవలెను; కలుపుట ఎప్పుడైనను చేయవచ్చును, కలిపినదానిని విడదీయుట సాధ్యము గాదు.